పొయ్యికి పదడుగుల దూరం

నాయనా,

బాగుండావా? నువ్వు కన్నుమూసి ఎనిమిది నెలలు దాటె. ఇన్నాళ్లూ నీకు ఒక ముక్క రాయలేదు. రాస్తే తిట్టేస్తానని భయం...

ఇప్పుడు తిడతా. విను.

మన చెరుకు కోతకొచ్చింది. చిత్తూరు చుట్టుపక్కల సగం మంది ఈ ఏడు గానుగలు ఆపేసి చెరుకు ఫ్యాక్టరీకి తోలతా ఉండారు. మనమూ తోలేద్దామని చిన్నాయన. ఒక్క పెనం బెల్లం వండి చూద్దామని అమ్మ బతిమలాడింది. సరేలే అని ఆయన ఒక మాట ఖాయం చేసినాడు. బెల్లం చెడిందా, గానుగ అమ్మేసి, నన్ను ఇస్కూలు మానిపించి, తిరుపతిలో తెలిసినోళ్ల హోటలుకు పనికి పంపిస్తాడంట. టెంతు పాసైనోళ్లు ముగ్గురు మన బస్సు స్టాపు కాడ ఊరికే కూచోనుండారు, నాలుగోది ఎందుకు అన్నాడు. నువ్వుంటే ఏమనేవాడివి?

పాకం చూసేదానికి సత్యవేడు నుంచి వస్తానన్న మనిషి రాలేదు. అప్పటికే గానుగ ఆడేసినాము. చెరుకు పాలు నిలవుంటే పులిసిపోతాయని నీకు చెప్పాల్నా? పెనం పొయ్యి మీదికి ఎక్కింది. ఎప్పుడు దించాల్నో చెప్పేవాడు లేడు.

యాడ నుంచి వస్తాడు? నువ్వు ఎవురికన్నా నేర్పిస్తే గదా. నేను తొంగిచూస్తే చాలు, "పొయ్యి కాడికి రావద్దు పాపా, పొగ పడితే కండ్లకు అక్షరాలు ఆనవు" అనేవాడివి. పదడుగుల అవతల నులకమంచం మీద, పెనానికి వీపు తిప్పి కూచోబెట్టి, "గట్టిగా చదువు, నాకు ఇనపడాల" అనేవాడివి. చదువు రావాలంటే పని రాకూడదని నీకు ఎవురు చెప్పినారు నాయనా? పెనం ముందర నిలబడి నిన్ను బాగా తిట్టుకున్నా.

అందరూ నా పక్కే చూస్తా ఉండారు. పాకం చిక్కబడతా ఉండాది. రంగు చూస్తే నాకేమీ తెలియలేదు. ఎందుకో, పోయి ఆ మంచం మీదే వీపు తిప్పి కూచున్నా... కండ్లు మూసుకోని పదమూడో ఎక్కం గట్టిగా చదవను మొదలుపెట్టినా. దీనికి పిచ్చి పట్టిందన్నాడు చిన్నాయన.

అప్పుడు వీపు వెనక పాకం చప్పుడు వినపడింది. గలగల పోయి బుడుకు బుడుకు అనింది. ఇంకా కాదు. కాసేపటికి చప్పుడు బరువెక్కి గుబగుబమంటా లోపల్లోపలే ఉడికింది. దినామూ ఆ చప్పుడు కాడనే గదా నీ కేక వచ్చేది?

"దించండ్రా" అని అరిచినా. అచ్చం నీ మాదిరి.

దించినాక చిన్నాయన ఒక చుక్క నీళ్లలో వేసి, ఉండ చేసి, పెనం అంచుకు కొట్టినాడు. టంగుమనింది. రంగు రవ్వంత నలుపు తిరిగింది గానీ బెల్లం దిమ్మ గట్టిగా కట్టింది. మరుసటి దినం చిన్నాయనే నన్ను ఇస్కూలుకు బస్సు ఎక్కించి వచ్చినాడు. ఇంకా ఎన్ని పెనాలుండాయో... పాసైనాక నేనూ ఆ స్టాపులోనే కూచుంటానో, ఏమో.

ఒకటి మాత్రం చెప్పాల. మంట ఎగదోసే మునెప్ప తాత చెప్పినాడు, నేను చదవతా ఉంటే నువ్వూ పాకం కలుపుకుంటా లోపల్లోపల ఎక్కం చెప్పుకునేవాడివంట. పదమూడేడ్లు కాడ దినామూ ఆగిపోయి, నా గొంతు కోసం చూసేవాడివంట. నన్ను అడిగింటే చెప్పేదాన్ని గదా నాయనా.

చెల్లిని నేను దూరం పెట్టను. పుస్తకం పట్టుకోని పెనం పక్కనే కూచుంటాది. పొగకు కండ్లు మండితే తుడుచుకోని చదువుకుంటాది.

పదమూడేడ్లు తొంభై ఒకటి. గుర్తుపెట్టుకో.

నీ పెద్దపాప