అడుగు పడని తివాచీ

మెక్నెస్

తూదా అక్కయ్య నుదుటికి తమ్ముడు హద్దూ ముద్దు, ఆపైన సలాములు. ఇక్కడ నేనూ, బతూలూ, పిల్లలూ, మనవలూ క్షేమం. కొత్తింటి ముందుగదిలో తివాచీ లేకపోవడం ఒక్కటి తప్పిస్తే దేవుడు మాకు ఏ లోటూ చెయ్యలేదు.

మొన్నటిదాకా అదీ లోటులా కనిపించలేదు. మొన్న ఎదురింటి హాజీ బెన్నాసర్ ఇంటి ముందు లారీలోంచి తివాచీ దిగింది. ఫ్యాక్టరీ సరుకు. దాని మీద ఒక చెరువు, చెరువులో రెండు హంసలు, ఒడ్డున జింక. వీధి వీధంతా వెళ్ళి చూసింది. నేనూ వెళ్ళాను. "బాగుంది హాజీ, జింకకే కాస్త మెల్లకన్ను" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. నేను ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చి చూస్తే మా ముందుగదిలో ఉత్త గచ్చు!

అక్కా, ముప్పై ఏళ్ళు రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసినవాణ్ణి. నన్ను చూసి స్టేషను మాస్టర్లు టోపీ సర్దుకునేవాళ్ళు. అలాంటివాడి ముందుగది ఇలాగేనా ఉండేది? బజారంతా తిరిగాను. ఎక్కడ చూసినా హంసలే. ఒక్క కొట్లో మాత్రం పులి ఉంది. పులినే కొందామనుకుంటున్నాను. హంసల్ని చూసి పులి భయపడదు కదా. నీ సలహా రాయి.

నీ తమ్ముడు,
హద్దూ

తా.క. గది కొలత రైల్వే టేపుతో తీశాను. నాలుగు మీటర్లకు మూడు. వెంట్రుకవాసి తేడా ఉండదు.

*

తిజ్జి ఊరు

తమ్ముడు హద్దూకు అక్క తూదా దీవెనలు. ఇక్కడ నేనూ, గొర్రెలూ బాగున్నాం. బడిపంతులు అస్సూ నా టీ తాగుతూ రాస్తున్నాడు, నేను చెబుతున్నాను.

పులిని కొన్నావంటే నీ గడప తొక్కను. తివాచీలు నేసే ఇంట్లో పుట్టినవాడివి, కొట్ల వెంట తిరుగుతావుట్రా? చేతిలో వెన్న పెట్టుకుని నేతి కోసం ఊరంతా తిరిగాడట నీలాంటివాడే.

నీ తివాచీ నేను నేస్తాను. తమ్ముడివని ఊరికే మాత్రం ఇవ్వను. ఊరికే వచ్చినదాన్ని జనం గాడిద మీద కప్పుతారు. ఉన్ని ఖరీదు పంపు, నాలుగు చక్కెర దిమ్మలు పంపు, మంచి టీ పొట్లం పంపు. ఇదంతా పైపై ధర. అసలు ధర వేరే ఉంది.

ఇన్నేళ్ళుగా నేను నేసినవన్నీ వ్యాపారి వచ్చి చుట్టి పట్టుకుపోయాడు. సముద్రాలు దాటి వెళ్ళాయంటాడు. అవి ఎవరింట్లో పరుచుకున్నాయో, ఎవరి కాళ్ళ కింద ఉన్నాయో ఒక్కదాని సంగతీ నాకు తెలియదు. ఊరూ పేరూ తెలియని ఇంటికి కూతుళ్ళని పంపినట్టుంటుంది. ఇదొక్కటీ నా వాళ్ళింటికి వెళ్తోంది. దాని మీద ఎవరు నడిచారో, కాలికి ఎలా తగిలిందో నువ్వు నాకు రాయాలి. అదే అసలు ధర. కదిలే రైల్లో నిలబడి నిలబడి నీ మోకాళ్ళు అరిగిపోయాయి కదా, నీ కోసమని దళసరిగా నేస్తాను.

మీటర్లూ గీటర్లూ నాకు తెలియవు. తాడుతో కొలిచి, ఆ తాడు పంపు.

నీ అక్క,
తూదా

తా.క. జింకకు మెల్లకన్ను అన్నావు చూడు, అక్కడ మాత్రం నాన్న కొడుకువనిపించావు.

రాసినవాడి మనవి: తిట్లు కొన్ని తగ్గించి రాశాను. - అస్సూ

*

మెక్నెస్

అక్కయ్యకు చేతులు కళ్ళకద్దుకుని హద్దూ రాస్తున్నది. వచ్చింది! నీ తివాచీ వచ్చింది!

బస్సు మీద నుంచి దించడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు. మా ఇల్లు బస్సు దిగగానే ఉంటుందని నీకు తెలుసు. అయినా నేను వాళ్ళని వీధి పైకొసదాకా నడిపించి, అక్కణ్ణుంచి వెనక్కి తిప్పి, హాజీ బెన్నాసర్ వాకిలి ముందునుంచి మోయించాను. ఆయన గుమ్మంలో కూర్చుని బఠాణీలు వలుస్తున్నాడు. బఠాణీలు కింద పారేసి, తొక్కలు గిన్నెలో వేసుకున్నాడు. నా కళ్ళతో చూశాను.

పరిచాం. ఏం చెప్పమంటావు! అప్పుడే పితికిన పాలు గదిలో పారబోసినట్టుంది. పైన ఆ నల్లగీతలు, అచ్చం అమ్మ వేసినట్టే. కొలత అంటే కొలత! ఈ గోడ నుంచి ఆ గోడకి, గడప దాకా. అదే కొంప ముంచింది. మా తలుపు గదిలోపలికి తెరుచుకుంటుంది. తలుపు మూసి పరిచామేమో, తివాచీ దళసరికి అది కదిలితే ఒట్టు. లోపల నేనూ, మోసుకొచ్చిన నలుగురూ. బయట బతూల్, టీ పళ్ళెం. ఐదుగురమూ గోడవార దివాన్ల మీదికెక్కి, కిటికీ ఊచల్లోంచి గ్లాసులు అందుకుని తాగాం. చివరికి లోపలినుంచే తలుపు మడతబందులు ఊడదీశాం. వడ్రంగి వచ్చి తలుపు అడుగు చిత్రిక పట్టాడు. మహానుభావుడు కాస్త ఎక్కువే పట్టాడు. ఇప్పుడు తలుపు కింద పిల్లి దూరుతుంది, గడియ పడదు.

పోతే పోయింది. అక్కా, గుండె మీద చెయ్యి వేసుకుని గర్వంగా చెబుతున్నాను. నీ తివాచీ మీద ఇంతవరకూ ఒక్క పాదం పడలేదు!

నీ తమ్ముడు,
హద్దూ

తా.క. పిల్లి పాదం కూడా.

*

తిజ్జి ఊరు

హద్దూకు తూదా దీవెనలు. ఇక్కడ గొర్రెలు బాగున్నాయి. నేను బాగాలేను.

ఒక్క పాదం పడలేదా? ఎందుకు పడలేదు? గరుకుగా ఉందా? కొండవాగులో చేతులు కొంకర్లు పోయేదాకా ఉతికానే ఆ ఉన్నిని! గొర్రె వాసన కొడుతోందా? లేకపోతే బతూల్ పట్నం పిల్ల కదా, కొండ సరుకు ఆవిడ కళ్ళకి ఆనలేదా? మొహమాటం లేకుండా చెప్పు.

మగ్గం దించేనాడు ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చారు. పెళ్ళికూతుర్ని సాగనంపినట్టు దాని మీద నీళ్ళు చిలకరించి, పాట పాడి పంపాం. వాళ్ళంతా రోజూ వాగు దగ్గర అడుగుతున్నారు, "మీ తమ్ముడింట్లో తివాచీ ఎలా ఉంది తూదా?" అని. ఏం చెప్పను? గుమ్మంలోనే నిలబెట్టారని చెప్పనా?

ఎవరు నడిచారో నిజం రాయి.

నీ అక్క,
తూదా

రాసినవాడి మనవి: ఈసారి తిట్లు లేవు. అదే నాకు భయంగా ఉంది. - అస్సూ

*

మెక్నెస్

అక్కయ్యకు హద్దూ సలాములు. "ఎవరు నడిచారో నిజం రాయి" అన్న నీ మాట చదివి సిగ్గుతో కుంచించుకుపోయాను. నీ అనుమానం న్యాయమైనదే. గడియ పడని తలుపని నేనే రాశాను, నీకు బెంగ పుట్టదూ మరి!

ఇక బెంగ వద్దు. బజారుకి వెళ్ళి దళసరి ప్లాస్టిక్ పట్టా తెచ్చి తివాచీ మొత్తానికి కప్పాను. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టాను. తాడుకి అట్టముక్క వేలాడదీసి "లోనికి ప్రవేశం లేదు" అని రాశాను. రైల్వే అక్షరాలు, ఎర్రరంగు. పండక్కి వచ్చిన చుట్టాలందరికీ వంటింట్లోనే కుస్‌కుస్ పెట్టాం. తొమ్మిదిమంది, ఒకరి మోచెయ్యి ఇంకొకరి పళ్ళెంలో. అయినా ఒక్కరూ నొచ్చుకోలేదు. అందరూ తాడు దగ్గర వరసగా నిలబడి చూసి, "అబ్బ!" అన్నారు.

హాజీ బెన్నాసర్ ముట్టుకుని చూస్తానని బతిమాలాడు. తివాచీ అంచు కిటికీ దాకా ఎత్తిపట్టి, ఊచల్లోంచి చెయ్యి పెట్టనిచ్చాను. ఒక్క వేలు. చూపుడు వేలు. అదీ సబ్బుతో కడుక్కున్నాక.

నీ పేరు ఈ వీధిలో మారుమోగుతోందక్కా.

నీ తమ్ముడు,
హద్దూ

తా.క. హాజీ వేలు ఇప్పటికీ ముడిచే పెట్టుకు తిరుగుతున్నాడు.

*

తిజ్జి ఊరు

ఒరేయ్ హద్దూ!

ప్లాస్టిక్కా? నా ఉన్నికి ప్లాస్టిక్కా? పక్క తడిపే పసిపిల్ల అనుకున్నావా అది?

ఆ ఉన్ని గొర్రె వీపు మీద ఉన్ననాడు వానలో తడిసింది, మంచులో దొర్లింది, ముళ్ళకంపలో చిక్కింది, తోడేలుని చూసి కొండ దిగి పరిగెత్తింది. ఇప్పుడు నీ అరికాలికి భయపడుతుందిట్రా? పెళ్ళికూతుర్ని పంపిస్తే గాజుబీరువాలో పెట్టి తాళం వేసుకున్న వెర్రివాడివి నువ్వు.

నేను అడిగింది హాజీ వేలు సంగతి కాదు. నీ కాళ్ళ సంగతి. నీ మోకాళ్ళని తలుచుకుని ఒక్కొక్క ముడీ వేశాను. నీ ఇంట్లో కూడా ఎవరి కాళ్ళ కిందా లేకపోతే, నేను బతుకంతా నేసినది ఎవరి కోసం?

వచ్చే వారం బస్సెక్కి వస్తున్నాను. తివాచీ చుట్టి పట్టుకుపోతాను. మా గొర్రెపిల్లలకి పరుస్తాను. వాటికి అట్టముక్కలు చదవడం రాదు.

తూదా

రాసినవాడి మనవి: తగ్గించి రాయబోతే కలం లాక్కుంది. ఆవిడకు రాయడం రాదు కనుక మళ్ళీ నాకే ఇచ్చింది. - అస్సూ

*

మెక్నెస్

అక్కయ్యా, కోపం వద్దు. నీ కాళ్ళకి వెయ్యి సలాములు.

నువ్వెందుకు మండిపడుతున్నావో బుర్ర చించుకున్నాను. చివరికి అర్థమైంది. ఎవరో నీకు చాడీలు చెప్పారు. నేను ఆ తివాచీ మీద నడుస్తున్నానని, పాడు చేస్తున్నానని. పచ్చి అబద్ధం! నా మీసం మీద ఒట్టు, ఆ తివాచీ మీద నా కాలి బొటనవేలు కూడా ఆనలేదు. మొన్న గురువారం బతూల్ పిల్లల్నందరినీ వెంటబెట్టుకుని స్నానాలకి హమ్మాంకి వెళ్ళింది. నేను ఒక్కణ్ణే, గడప ఇవతల కుర్చీ వేసుకుని, మధ్యాహ్నమంతా రెప్ప వెయ్యకుండా కాపలా కాశాను.

ఒక్క సంగతి మాత్రం అంతుపట్టడం లేదు. సాయంత్రం లేచి, అంటే కుర్చీలోంచి లేచి, చూస్తే గడప మీద వెన్న జాడీ ఉంది. ఉప్పేసి నిలవబెట్టిన వెన్న, మూతికి గుడ్డ కట్టి. ఎవరు పెట్టారో తెలియదు. హాజీ బెన్నాసరే అయ్యుంటాడు. రెండో వేలికి లంచం. కానీ రుచి అచ్చం మన ఊరి వెన్నే! ఎక్కడ సంపాదించాడో మరి. సగం తినేశాం.

దయచేసి రాకు. వచ్చినా కోపంతో రాకు.

నీ తమ్ముడు,
హద్దూ

తా.క. వదినగారూ, బతూల్ రాస్తున్నాను. ఆయన స్టాంపు తేవడానికి వెళ్ళారు. ఆయన ఒట్టు ఆయన వరకు నిజమే, పాపం. మేం మాత్రం ఆయన కాఫీ హోటలుకి వెళ్ళడమే ఆలస్యం, ప్లాస్టిక్ చుట్టేసి దాని మీదే దొర్లుతాం. కబుర్లు, టీలు, పొద్దుతిరుగుడు గింజలు, అన్నీ అక్కడే. మనవరాలు శామా నడక నేర్చింది కూడా దాని మీదే. ఎన్నిసార్లు పడ్డా ఏడవలేదు. ఆయనకి తెలిస్తే గుండె ఆగిపోతుంది. చెప్పకండి.

*

తిజ్జి ఊరు

తమ్ముడు హద్దూకు, బతూల్‌కు, పిల్లలకు, తివాచీకి తూదా దీవెనలు.

ఈ ఉత్తరం ఒక్కడివే చదవకు. అందర్నీ పిలిచి గట్టిగా చదువు. బతూల్, నువ్వు గుమ్మానికి అడ్డంగా కూర్చో. వాడు లేచి వెళ్ళిపోకుండా.

వారం ఆగలేకపోయాను. గురువారం మా సంత లారీ మెక్నెస్ వస్తుంటే గొర్రెల మధ్య ఎక్కేశాను. వీధి తలుపు తీసే ఉంది. పిలిచాను. ఎవరూ పలకలేదు. ముందుగది తలుపు తోశాను. గడియ పడదు కదా, ఆ వడ్రంగికి దేవుడు మేలు చెయ్యాలి.

కుర్చీ ఇవతలే ఉంది. కుర్చీలో ఎవరూ లేరు.

హద్దూ, గొంతు సవరించుకోకు. చదువు. నువ్వు తివాచీ నట్టనడుమ బోర్లా పడుకుని ఉన్నావు. నీ ప్లాస్టిక్ పట్టా నీ తలకింద దిండైంది. నువ్వు ఒట్టు వేసిన ఆ మీసం ఉన్నిలో మునిగి ఉంది, నువ్వు గురక పెట్టినప్పుడల్లా రెండు పోగులు లేచి పడుతున్నాయి. అట్టముక్క నీ పక్కనే ఉంది. విసురుకోవడానికి తెచ్చుకున్నట్టున్నావు.

బతూల్, వాడి వంక అలా చూడకు. నువ్వు రాసిన తా.క. కూడా ఇప్పుడే చదివించుకున్నాను. హద్దూ, నువ్వు కాఫీ హోటలుకి వెళ్ళగానే నీ పెళ్ళాం, పిల్లలు అందరూ అక్కడే దొర్లుతున్నారు. నీ మనవరాలు నడక నేర్చింది నా తివాచీ మీద! ఈ ముక్క ఇంకోసారి చదువు. నాకు వినబడదు, అయినా చదువు.

నిన్ను లేపడానికే వచ్చాను. చీపురు కూడా అందుకున్నాను. అప్పుడు నీ అరికాళ్ళు కనబడ్డాయి. చిన్నప్పుడు నాతో గొర్రెల వెంట తిరిగి పగిలిన మడమలు, అలాగే ఉన్నాయిరా. రైల్వే బూట్లు వాటినేం చెయ్యలేకపోయాయి. వేళ్ళు ఉన్నిలోకి దూర్చుకుని పడుకున్నావు, అమ్మ పక్కలో పడుకున్నట్టు. చీపురు గోడకి ఆనించేశాను.

చెప్పులు విప్పి నేనూ ఆ అంచు మీద కూర్చున్నాను. నేను నేసిన తివాచీ మీద, మనవాళ్ళింట్లో, కాళ్ళు చాపుకుని కూర్చోవడం నాకిదే మొదటిసారి. లారీవాడు హారన్ కొట్టేదాకా కూర్చున్నాను. వెన్న గడప మీద పెట్టి వచ్చేశాను.

తివాచీ పట్టుకుపోను. అసలు ధర ముట్టింది.

మీ తూదా

తా.క. మిగిలిన సగం వెన్న హాజీ బెన్నాసర్‌కి ఇచ్చెయ్యి. చేతికి కాదు. ముందుగదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ పెట్టించి.

రాసినవాడి మనవి: ఈసారి ఒక్క మాటా తగ్గించలేదు. అరికాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి కళ్ళ దగ్గరికి వెళ్ళింది. కళ్ళు తుడుచుకుందని రాయనా అని అడిగాను. గొర్రెల దుమ్ము అని రాయమంది. - అస్సూ