బ్యాటరీ సంగతి చెప్పలేదు

మంగళవారం, రాత్రి.

ఒళ్లంతా పులిసిపోయింది. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

మధ్యాహ్నం మైపాడు నుంచి అనూష ఇందుకూరుపేటలోని మా నెట్ సెంటర్‌కు వచ్చింది. సముద్రంలో వేట చేసుకుని బతికే ఇంటి పిల్ల. నర్సింగ్ సీటు దరఖాస్తుకు ఈ రోజే ఆఖరు, అదీ సాయంత్రం ఐదు వరకే. బయట మబ్బు కమ్ముకుంటోంది.

"కరెంటు పోతే ఎట్టక్కా?" అని అడిగింది.

"యూపీఎస్ ఉందిలే, భయపడబాక" అన్నాను. దాని బ్యాటరీ పాడైందని నెల రోజులుగా నాకు తెలుసు.

సర్టిఫికెట్లన్నీ ఎక్కించి ఆఖరి పేజీకి చేరేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కుయ్‌మని, కంప్యూటర్‌తో పాటే ఆరిపోయింది. నింపినదంతా పోయింది. అనూష ఏడవలేదు, నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. షట్టర్ దించి, పిల్లను స్కూటీ ఎక్కించుకుని వానలోనే నెల్లూరు పోయాను. అక్కడ తెలిసినవాళ్ల సెంటర్‌లో మళ్లీ మొదటి నుంచి నింపాం. ఇంకో పది నిమిషాల్లో గడువు ముగుస్తుందనగా దరఖాస్తు చేరింది.

తిరిగి ఇందుకూరుపేట వచ్చాక, మైపాడు ఆటో ఎక్కబోతూ అనూష నా చెయ్యి పట్టుకుంది. "మా నాయన వేట నుంచి వస్తానే చెప్తానక్కా. సొంత అక్క కూడా ఇంత చేయదు" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. "తడుస్తుండావు, ఆటో ఎక్కు" అన్నాను.

కొత్త బ్యాటరీ రేపే వేయిస్తాను. ఈపాటికి వాళ్లింట్లో నా మంచితనం గురించే చెప్పుకుంటూ ఉంటారు.