బరువు బండి స్ప్రింగులు

అన్నయ్యా,

ఇక్కడ అందరం క్షేమం, జీపు సంగతి తప్ప.

కొండ మీది గొర్రెల దొడ్డి నుంచి జున్ను పీపాలు దింపాలని మీ బావ గవ్రిల్ ఎవరినీ అడక్కుండా జీపుకి బరువు బళ్ల గట్టి స్ప్రింగులు వేయించాడు. దొడ్డికి వెళ్లేది ఎప్పుడో నెలకోసారి. మిగతా రోజులన్నీ అదే జీపులో నేను బేకరీ పనికి వెళ్లాలి. ఖాళీగా ఉంటే అది కంచరగాడిదలా ఎగురుతుంది.

గురువారం మా అత్తగారికి కంటి ఆపరేషన్ చేయించి తీసుకొస్తున్నాను. కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. మొదటి గుంతకే అత్తగారు కట్టు మీద చెయ్యి వేసుకుని, "ఆపవే అమ్మాయ్, నడిచొస్తాలే" అన్నారు. సంతలో ఆగి, వెనక నిండా బంగాళదుంపల బస్తాలు వేయిస్తే గానీ బండి నిదానించలేదు. దేవుడి దయవల్ల కంటికేమీ కాలేదు.

ఇంటికొచ్చి చెబితే మీ బావ, "చూశావా, స్ప్రింగుల తప్పేం లేదు. బరువు చాల్లేదంతే" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్తగారే, "అయితే రేపు బస్తాలు దింపేసి నువ్వు వెనక కూర్చో నాయనా" అన్నారు. కూర్చున్నాడు. నేనూ ఒక్క గుంత తప్పించలేదు.

తిమిషోవారలో నీ షెడ్డులో మధ్యరకం స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు ఉంటే బస్సులో వెయ్యి. బండి ఎత్తు పెంచేవి వద్దు, అత్తగారు ఎక్కలేరు. వదిన మోకాలు తగ్గిందా? ఈ ఏడు ప్లమ్ సారా కాచారా లేదా?

దేవుడు మీ ఇంటిని చల్లగా చూడాలి. నడుం పట్టేసి మంచం మీదున్న మీ బావ నమస్కారం రాయమన్నాడు, స్ప్రింగులు త్వరగా పంపమన్నాడు.

సవేత