అన్న నేర్పని ప్రార్థన

డోర్నకల్ దగ్గరి తండా,
12 మార్చి 2025

ప్రియమైన మరిది మాన్‌సింగ్‌కు,

ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు. ఉత్తరానికి ఆ మాట చెప్పలేవు కదా అని, అంగన్‌వాడీ నుంచి రాగానే రాస్తున్నాను. అమావాస్యకు మనింట్లో సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టి, నిప్పుల మీద నెయ్యి పోస్తూ చెప్పే ప్రార్థన మీ హీర్యా అన్నకు తప్ప ఎవరికీ రాదు. అది నీకు నేర్పాలని ఆయన కోరిక. ఒక్క అమావాస్యకు రా. నీ ఆఫీసు, పిల్లల కోచింగ్ ఎక్కడికీ పోవు.

నీ వదిన,
కాళి

కాళేశ్వరం,
20 మే

ప్రియమైన వదినకు,

మన్నించు. జనగామ నుంచి నన్ను పుష్కరాల డ్యూటీకి వేశారు. లక్షల మంది గోదావరిలో మునుగుతుంటే నేను పార్కింగ్ పాసులు చూస్తున్నాను. ఇంతవరకు చేయి కూడా తడపలేదు. నలభై ఏడేళ్లకే బీపీ, షుగర్ వచ్చాయి గాని మనసుకు నెమ్మది రాలేదు. ధ్యానం కోసం ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే, అది కూడా మా ఆఫీసర్‌లాగే నిన్న ఎందుకు రాలేదని అడుగుతోంది. నిజంగానే ఆ ప్రార్థన నాకు కావాలి వదినా. అన్న ఫోను స్విచాఫ్ వస్తోంది. నీ ఫోన్‌లో రికార్డు చేసి పంపు, కారులో వింటూ నేర్చుకుంటాను.

మీ
మాన్‌సింగ్

తండా,
8 జూన్

ప్రియమైన మాన్‌సింగ్‌కు,

అది రికార్డు చేసి పంపేది కాదు, పక్కన కూర్చుని నేర్చుకునేది. మూడు అమావాస్యలు పోయాయి. ప్రతిసారీ అన్న గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. జర జల్ది రా.

నీ కోసం చూస్తూ,
కాళి

జనగామ,
3 ఆగస్టు

వదినకు,

ప్రియమైన అని రాయడానికి చేయి రావడం లేదు. అన్న పోయాడని ఫోన్ వచ్చినప్పుడు కూడా నేను మీటింగ్‌లోనే ఉన్నాను. దినాల రోజు నెయ్యి గిన్నె నా చేతికిచ్చారు. ప్రార్థన రాక ఊరికే పెదవులు కదిపాను. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత తండా పెద్ద బలరాం నన్ను పక్కకు పిలిచి, "మీ అన్నకు శివరాత్రి నాడే పక్షవాతమొచ్చి మాట పడిపాయె. నీకెరుక లేదా?" అన్నాడు. మాటే లేని మనిషి ఏం నేర్పుతాడని నన్ను రమ్మన్నావు? ఎందుకు అబద్ధం రాశావు?

మాన్‌సింగ్

తండా,
11 ఆగస్టు

ప్రియమైన మాన్‌సింగ్‌కు,

నువ్వు రాయకపోయినా నేను ప్రియమైన అనే రాస్తాను. నిజమే, నేర్పడానికి అన్న దగ్గర ఏమీ మిగల్లేదు. ఫోన్‌లో అయితే అన్నకివ్వమంటావనే ఉత్తరాలు రాశాను. ఇక మాట రాదని డాక్టర్లు చెప్పిన రోజు నీకు చెబుదామని ఫోన్ తీస్తే, ఆయన నా చేయి పట్టుకుని వద్దని తలూపాడు. తెలిస్తే నువ్వు వచ్చేవాడివే. దవాఖానలు తిప్పి, డాక్టర్లతో మాట్లాడి, మళ్లీ పరుగెత్తేవాడివి. నువ్వు ఒక్క పూట ఊరికే ఆయన పక్కన కూర్చోవాలని ఆశపడ్డాం. అయినా చెప్పకపోవడం నా తప్పే. తలచుకుని రోజూ ఏడుస్తున్నాను.

మాటలన్నీ పోయినా ఆయనకు ఒక్కటి మిగిలింది. చిన్నప్పుడు నిన్ను పిలిచిన పేరు. ప్రతి అమావాస్యకూ నిప్పుల ముందు కూర్చుని, నెయ్యి పోస్తూ, "మాన్యా, మాన్యా" అనేవాడు. ఆ మాటతోనే దేవుడికి మొక్కేవాడు. మేమూ దానికే చేతులు జోడించాం.

దినాల రోజు నీకు ప్రార్థన రాలేదని నేను చూశాను. చివర్లో మెల్లగా "అన్నా" అన్నావు, అది నాకు వినబడింది. వచ్చే అమావాస్యకు రా. ఆ ఒక్క మాటే అందువు. నెయ్యి కాచి ఉంచుతాను.

నీ వదిన,
కాళి