మరచిపోతున్నది బాపు కాదు

అలియాబాద్,
శనివారం

శ్రీజక్కా,

ఫోనులో చెబితే మధ్యలో మాట అందుకుంటావని వాట్సాప్‌లో రాసి పంపుతున్నాను. బాపుకు మతి తప్పలేదు! పొలం మన పేర్ల మీదికి మార్చడానికి నువ్వు బుక్ చేసిన సోమవారం రిజిస్ట్రేషన్ స్లాటుకు ఇక అర్థం లేదు.

టీవీకి, ఫ్యానుకు కలిపి కొన్న రిమోట్ గుర్తుందా? పాత రిమోట్లు ఎదురుగా పెట్టి దానికి ఒక్కో బటన్ నేర్పించాను. మూడు నాలుగు రోజులకోసారి అది అన్నీ మరచిపోయేది. "నేను సక్కగనే ఒత్తుతున్న బిడ్డా" అని బాపు ఎంత చెప్పినా, ఏవేవో నొక్కి చెరిపేస్తున్నాడని, మతి తప్పిందని మనమే తేల్చేశాం.

ఈ పొద్దున అమ్మ ఆ రిమోట్‌లోని సెల్లు తీసి డాబా గోడ మీద పెట్టడం చూశాను.

"ఎండ తగిల్తే ఇంకో నెల నడుస్తయి రా. వారంల రెండుసార్లు పెడుత" అంది.

గంట తర్వాత అవే సెల్లు వేసి నేనే నొక్కాను. ఫ్యాన్ తిరగలేదు. మళ్ళీ నేర్పిస్తే తిరిగింది. సెల్లు తీసి అరగంట ఆగి వేస్తే, మళ్ళీ ఏమీ లేదు. మూడుసార్లు చేశానక్కా, మూడుసార్లూ అంతే! సెల్లు తీస్తే నేర్పిందంతా ఆ రిమోటే మరచిపోతోంది.

బాపుకు చెప్పి, తప్పయింది, స్లాటు రద్దు చేయిస్తానన్నాను. ఆయన నవ్వలేదు.

"స్లాటు ఉండనియ్యి. నేనొస్త. సంతకం పెట్టనని ఆఫీసుల అందరి ముంగట జెప్త" అన్నాడు.

నేను ఆయన పక్కన నిలబడతాను. నువ్వు ఎటు నిలబడతావో సోమవారంలోగా చెప్పు.

నీ తమ్ముడు