పట్టుపురుగుల తట్టలు

ఏమే లక్ష్మీ,

నన్ను అడగకుండా నా పట్టుపురుగుల తట్టల్లో సబ్బులు ఆరబెట్టావు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. వానలొస్తే మళ్లీ పురుగులు పెంచుదామనే కదా ఆ వెదురు తట్టలు దాచింది! నువ్వు చనిపోయాక వాటిని కడిగి, గదిలో పెట్టి తాళం వేశాను.

ఇప్పుడు కోడలు నీలాగే కానుగ నూనె సబ్బులు చేస్తోంది. ఇనుప స్టాండు మీద ఆరబెడితే తుప్పు మరకలు పట్టాయి.

"తట్టలు ఇయ్యి మామా. మల్బరీ తోట ఎండిపాయ. పురుగులొస్తే ఏం పెడతావు, నీ మీసాలా?" అంది.

"నోరు ముయ్!" అన్నాను.

తట్టలు ఇస్తే, ఈ ఇంట్లో ఇక పురుగులు పెరగవని నేనే ఒప్పుకున్నట్టు. నువ్వుంటే తప్పంతా నీ మీదకు తోసేవాడిని. సోమవారం కోడలు కొత్త సబ్బులు కోస్తుంది. ఆలోపల చెప్పు, ఇమ్మంటావా, వద్దా?