ఓడినవాళ్ళు రాసే రూలు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన యుద్ధాల ఆట నీ కూతురికి నేర్పాను. చిన్నప్పుడు మనం చింతగింజల సిపాయిలతో మొదలుపెట్టాం కదా, తర్వాత మామిడి టెంకల ఏనుగులు, గుడి కొండ కింద అంగళ్ళలో కొన్న చెక్కబొమ్మ రాక్షసులు చేరారు. రూల్స్ నోటుబుక్కు నిండా నా చేతిరాతే. నేను ఏడుపు మొహం పెట్టినప్పుడల్లా పెన్ను నా చేతికిచ్చేవాడివి. "ఓడినోళ్ళే కొత్త రూలు రాయాల మే. ఏం రాసినా కొట్టేసేది లేదు" అనేవాడివి. ఓటమికి భయపడకపోవడం నాకు అబ్బింది అక్కడే.

ఇవాళ పాప ఓడింది. పెన్ను ఇచ్చాను. "చచ్చినోళ్ళు ఒకసారి తిరిగి రావచ్చు" అని రాసింది.

"ఎవరి కోసమే?" అన్నాను.

"నా రాక్షసునికే అత్తా. వాడు మంచోడు."

కొట్టేసేది లేదన్నావు కదా. అలాగే ఉంచాను.

నీ చెల్లెలు